అంత అయింది, జర మిగిలింది

గుత్తేదార్ కుర్మయ్య తన జన్మలో ఏ ఇంటి పనీ పూర్తి చేసి ఎరగడు. ఈ మాట నేను కోపంతో అనడం లేదు. మా శంషాబాద్‌లోనూ, చుట్టుపక్కల పది ఊళ్లలోనూ ఎవరి ఇంట్లోకి వెళ్లి చూసినా రుజువు దొరుకుతుంది. గోడలన్నీ మీగడ పూసినట్టు మెరుస్తుంటాయి, ఒక మూల మాత్రం జానెడు మేర మట్టి కనిపిస్తూ ఉంటుంది. అదే కుర్మయ్య దస్తఖతు. ఇదేమిటని అడిగితే ఆయన దగ్గర ఉన్నది ఒకటే జవాబు.

"అంత అయింది పటేలా, జర మిగిలింది."

ఆయన చేసేది తాపీ పని, చేసేదేమో తాపీగా. ఊరు గగన్‌పహాడ్. ఇంటి లోపలి పని ఏదైనా సరే, గచ్చు వేయడం, గోడలకు సున్నం పూయడం, గూళ్లు కట్టడం, తలుపులకు రంగులు, మొత్తం గుత్తకు పట్టుకునేవాడు. మనిషి నిచ్చెనంత పొడుగు. నెత్తి నుంచి పాదాల దాకా ఎప్పుడూ సున్నమే కాబట్టి ఆయన అసలు రంగేమిటో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఒకసారి వానలో తడిసి మా ఇంటికి వస్తే, రోజూ ఆయన కాళ్ల దగ్గర పడుకునే మా కుక్కే గుర్తు పట్టక మొరిగింది.

ఉందానగర్ స్టేషన్ మాస్టరు గారి క్వార్టరులో తలుపుకు రెండు రెక్కలుంటే, ఒకదానికి ఆకుపచ్చ రంగు వేసి రెండోదాన్ని వదిలేశాడు. ఆ స్టేషన్ మాస్టరుది కోస్తా వైపు ఊరు, మర్యాదగా తిట్టే మనిషి.

"ఏమయ్యా కుర్మయ్యా, ఒక పట్టా మీద రైలు నడుస్తుందటయ్యా?"

"నడువది సారూ. గాని తలుపుకు నడిచే పనేముంది? ఉన్న కాడనే ఉంటది గద!"

మా వీధి చివర శివయ్య అని ఒక ముసలాయన ఉండేవాడు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. ఆయన ఇంట్లో పడమటి గోడ నాలుగేళ్లు మిగిలిపోయింది. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, కుర్మయ్య అటుగా రాగానే అందుకునేవాడు. గొంతు బొంగురు పోయేదాకా తిట్టి, ఆ తర్వాత తృప్తిగా జొన్న గటక తాగేవాడు. చివరికి ఒకనాడు కాలం చేశాడు. అంత్యక్రియలకు అందరికంటే ముందు వచ్చినవాడు కుర్మయ్యే. ఆ గోడ వంక చాలాసేపు చూసి, "నాలుగేండ్ల సంది చెప్తనే ఉన్న, తొందర పడకు పెద్దబాపూ అని. ఇనకపాయె," అన్నాడు. పాడె మోస్తున్నవాళ్లకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

ఇదంతా ఊరివాళ్ల బాధ అనుకుంటే పొరపాటు. ఆయన భార్య కౌసల్యమ్మ బాధ వింటే మనది బాధే కాదనిపిస్తుంది. ఆమె ఎవరింటికి వచ్చినా కూర్చోకముందే మొదలుపెట్టేది.

"ఇగ మీ గోడల సంగతి నాకెందుకు చెప్తుండ్రు? నా పెండ్లే పూర్తి చేయలే గీయన. పుస్తె కట్టుమంటే రెండు ముడులు ఏసిండు. మూడోది ఏయవయ్యా అని అయ్యగారు మొత్తుకుంటుంటే, ‘అంత అయింది అయ్యగారూ, జర మిగిలింది’ అన్నడు. ఇరవై రెండేండ్లాయె. ఇప్పటికి గదే రెండు ముడుల మీద కాపురం జేస్తున్న!"

మరి ఇలాంటి మనిషిని ఎందుకు పిలుస్తారని మీరు అడగవచ్చు. పూర్తి చేసిన మేరకు ఆయన పని అంత గొప్పది మరి. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం, గుడ్డు సొన కలిపి దంచి, గోడకు పూసి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దేవాడు. అయ్యిందో లేదో చూసుకోవడానికి గోడకు తన చెంప ఆనించేవాడు. "పసిపిల్ల చెంప లెక్క తగలాలె. గరుకు తగిలితే నేను గుత్తేదార్‌నే కాదు," అనేవాడు. చెంప ఆనించి కళ్లు మూసుకుని నిలబడితే, గోడతో గుసగుసలాడుతున్నాడనే అనుకునేవాళ్లం. ఆయన పూసిన గోడలో ముఖం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. మీసం ఉన్న చోటే ఆ జానెడు మిగిలిపోకుండా ఉంటే.

మా ఇంటి పనికి ఆయన వచ్చింది పంతొమ్మిది వందల నలభై అయిదులో. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. పట్నంలో చదువు ముగించుకుని వచ్చి, ఉద్యోగం దొరికేదాకా మా బాపుకు, అంటే నాన్నకు, అఖ్‌బారు చదివి వినిపించే ఉద్యోగం చేస్తున్నాను. యుద్ధం రోజులు. కిరసనాయిలుకు కంట్రోలు, బట్టకు కంట్రోలు. మా బాపు సోమయ్యకు మాత్రం ప్రపంచంలో ఒకటే యుద్ధం, షాద్‌నగర్‌లో ఉన్న వియ్యపురాలు ముత్తమ్మతో.

ఆ యుద్ధానికి కారణం కూడా సున్నమే. అంతకు ముందటేడు మా అన్న బిక్షం పెళ్లి షాద్‌నగర్‌లో జరిగింది. అప్పగింతలప్పుడు కులపెద్దలందరి ముందు బాపు లేచి దీవెన మాటలు చెప్పాలి. పెళ్లికూతురి తల్లి ముత్తమ్మ వియ్యంకుడి మీద గౌరవంతో తాంబూలం తానే కట్టింది. కట్టే పరేషాన్‌లో ఆకుకు ఒకసారి సున్నం రాసింది, రాసిన సంగతి మరిచి మళ్లీ రాసింది. బాపు దాన్ని దవడన పెట్టుకుని గట్టిగా నమిలి, సభ మధ్యలో లేచి నిలబడ్డాడు. నాలుక అప్పటికే కాలి బొబ్బలెక్కింది. "నూరేండ్లు చల్లగుండుండ్రి" అనబోయి, "నూలేంద్లు తల్లగుందుంద్లి" అన్నాడు. రెండు ఊళ్ల జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

బాపు ఇంటికి వచ్చి, నాలుక మానడానికి పట్టిన నాలుగు రోజులూ మౌనంగా ఉండి, అయిదో రోజు ఒట్టు వేశాడు. "నా నోట్లె సున్నం పెట్టిన ఆ ఇయ్యపురాలు నా గడప తొక్కొద్దు. నా కోడలు ఆ గడప తొక్కొద్దు."

బాపు ఒట్టు వేస్తే ఇక అంతే సంగతులు. అన్నకు బాపు ముందు నిలబడితే చాలు, చెప్పాలనుకున్న మాటలన్నీ కడుపులోనే అరిగిపోయేవి. మా వదిన తారాబాయి పుట్టింటి ముఖం చూడక ఏడాది దాటింది. ఇంతలో ఆమెకు ఆరో నెల వచ్చింది. తొలికాన్పుకు పుట్టింటికి పంపాలి కదా! బాపు పంపనన్నాడు. వదిన ఎదురు చెప్పలేదు, గొడవ చేయలేదు. తిండి మానేసింది. మానేసిందనడం కూడా తప్పే, పాపం ఆమెకు ముద్ద దిగేది కాదు. పురుడంటే భయం, తల్లి దగ్గర లేదని బెంగ. మంత్రసాని రుక్కమ్మ వచ్చి చూసి మా అమ్మతో తెగేసి చెప్పింది.

"పిల్ల ఎండుకపోతున్నది లింగమ్మా. గిట్లనే ఉంటే తల్లికి బిడ్డకు ఇద్దరికీ కష్టమే. దీనికి దవాఖాన మందు పనికిరాదు. దీని తల్లిని పిలిపియ్యి."

అమ్మ ఆ మాట బాపు చెవిన వేసింది. బాపు మీసం నమిలాడు, తువ్వాలు దులిపాడు, పశువుల కొట్టం దాకా పోయి వచ్చాడు. వచ్చి, "ఒట్టు ఒట్టే. పురుడు ఈడనే. గాని నా కోడలికి లోటు రానియ్య. అన్ని అర్రలకు సున్నం, గచ్చు ఏపిస్త. పురిటి అర్రను నవాబు బంగ్లా లెక్క చేపిస్త. పిలువుండ్రి ఆ కుర్మయ్యను," అన్నాడు. తల్లి కావాలన్న పిల్లకు గచ్చు వేయించే మామగారు మా బాపు ఒక్కడే అయి ఉంటాడు.

కుర్మయ్య వచ్చాడు.

"ఉగాదికి కావాలె," అన్నాడు బాపు.

"అయితది పటేలా. ఏ ఉగాదికి?"

"ఈ వచ్చే ఉగాదికి! ఏం మిగలొద్దు. జానెడు మిగిలినా నిన్నే ఆ గోడకు పెట్టి పూస్త."

"పూయుండ్రి. గాని పూసేటోడెవడు పటేలా? మల్ల నన్నే పిలవాలె."

పని గుత్తకు కుదిరింది. అంటే ఎన్ని రోజులు సాగినా బాపు ఇచ్చేది అంతే, సాగిన కొద్దీ నష్టం కుర్మయ్యదే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆ రోజు ఆయన అర్రలన్నీ తిరిగి, గోడలను అరచేత్తో చరిచి, చెవి పెట్టి విన్నాడు. వంటింటి గుమ్మం దగ్గర వదిన అన్నం గిన్నె పక్కకు నెట్టి కూర్చుని ఉంది.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"షాద్‌నగర్."

"ఎవలింటి పిల్లవు?"

"ముత్తమ్మ బిడ్డను."

"అరె! ముత్తమ్మ ఇంట్ల నాదొక గూడు మిగిలింది," అన్నాడు కుర్మయ్య. గిన్నె వంక చూశాడు, వదిన వంక చూశాడు, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. షాద్‌నగర్ పోయి ఆ గూడు పూర్తి చేసి వస్తానని వారం రోజులు కనిపించలేదు. ఆయన పోయింది మిగిలిన పని చేయడానికి అని విని ఊరంతా ఆశ్చర్యపోయింది.

వారం తర్వాత వచ్చినప్పుడు వెంట ఒక కూలామె ఉంది. నడివయసు మనిషి, సున్నం ఘాటుకు అడ్డంగా ముక్కుకూ మూతికీ బట్ట కట్టుకుంది, పైనుంచి కొంగు కప్పుకుంది. "అమృతమ్మ. సున్నం నూరుట్ల గీమెను మించిన మనిషి లేదు," అని కుర్మయ్య పరిచయం చేశాడు. అలాంటి మనిషి నూరుతుంటే రోకలి రోట్లో కంటే బయటే ఎక్కువ పడింది. నాలుగు పోట్లకే చేతులు పొక్కిపోయాయి. అయినా కుర్మయ్య కసరలేదు. "నువ్వు లోపట అర్రల దుమ్ము దులుపుపో," అని పంపించి, రోకలి తనే అందుకున్నాడు. గుత్తేదార్ సున్నం నూరడం, కూలామె నీడపట్టున ఉండడం అప్పుడే చూశాను.

పైగా ఆమె పేరు నిలకడగా ఉండేది కాదు. రెండో వారం కుర్మయ్య "సక్కుబాయీ" అని కేకేస్తే ఆమే పలికింది.

"మొన్న అమృతమ్మ అన్నవు గద?" అన్నాడు బాపు.

"గది ఆమె అక్క పేరు పటేలా."

"అక్క పేరు పెట్టి చెల్లెను ఎందుకు పిలిచినవు?"

"అక్క రాలే గద, గందుకని."

బాపు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయన అంత తేలిగ్గా వదిలేయడం నాకు వింతగానే తోచింది.

ఇంకో వింత, వదిన తినడం మొదలుపెట్టింది. అమ్మ వండినవి కావు. సున్నపు గంప అడుగున బట్టలో చుట్టుకుని సర్వపిండి రొట్టె వచ్చేది, చింతచిగురు పచ్చడి వచ్చేది. ఒకరోజు వదిన అన్నం వడ్డిస్తుంటే బాపు తల ఎత్తి చూసి, "కోడలి తల గప్పుడే నెరిసిందేంది?" అన్నాడు. నిజమే, జడ పొడుగునా తెల్లటి చారలు. "పైనుంచి సున్నం రాలింది," అంది అమ్మ, గిన్నెలోకి చూస్తూ. సున్నం పై నుంచి రాలితే నడినెత్తిన పడాలి గానీ, జడలోని మూడు పాయల్లోకీ అల్లుకుని పడుతుందా?

నాకు అనుమానం వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మెల్లగా లోపలి అర్రలోకి తొంగి చూశాను. కూలామె మూతికి బట్ట లేదు. వదినను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. వదిన వీపు ఆమె మోకాళ్లకు ఆనించి, కళ్లు మూసుకుని, పండుగ నాటి పిల్లలా సర్వపిండి కొరుకుతోంది. ఆ కూలామె ముఖం నేను పెళ్లిలో చూశాను. బాపు నాలుక కాల్చిన ముత్తమ్మ!

తిన్నగా కుర్మయ్య దగ్గరికి పోయాను. రోకలి ఆపకుండానే నా వంక చూశాడు.

"చూసినవా మల్లేశా?"

"చూసిన. బాపుకు తెలిస్తే నిన్ను బతకనిస్తడా?"

"తెల్వదు. మీ బాపు ఆమె ముఖం చూసిందెప్పుడు? ఇయ్యంకుని ముందల ఎన్నడన్న కొంగు తీసిందా? సర్వపిండి చేసిచ్చి తీస్కపొమ్మన్నది. పిండి తీస్కపోయేటోన్ని మనిషిని తీస్కపోలేనా అనుకున్న."

"పని అయిపోతే ఏం జేస్తవు?"

కుర్మయ్య రోకలి దించి నన్ను జాలిగా చూశాడు. "నా పని ఎప్పుడన్న అయిపోయిందా బిడ్డా?"

అమ్మకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి చెప్పాను. అమ్మ కందులు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నాకు రెండో దినమే తెలుసు. సున్నం దుమ్ముకు వరసగ మూడు తుమ్మింది. అచ్చం కోడలు తుమ్మినట్టే. ఊకో, మీ బాపుకు చెప్పకు," అంది.

ఉగాది వచ్చింది, పోయింది. పెరటి గోడ మిగిలింది. మే నెలలో నేను అఖ్‌బారు తెరిచి, "బాపూ, జర్మనీ లొంగిపోయింది," అని చదివాను. "మరి కుర్మయ్యనో?" అన్నాడు బాపు.

ఆలస్యానికి బాపు చేయి కూడా కొంత ఉంది. పొద్దున్నే లేచి గోడల వెంట తిరుగుతూ గోటితో గీకేవాడు. "ఈడ బుడిపె ఉన్నది. గీకి మల్ల పూయి," అనేవాడు. నడిమి అర్రను అట్లా మూడుసార్లు చేయించాడు. కుర్మయ్య చేతులు కట్టుకుని, "అట్లనే పటేలా," అనేవాడు. గుత్తకు దొరికిన మనిషిని ఇంత సతాయించడం అన్యాయమని నాకు బాపు మీద కోపం వచ్చేది. నేనెంత తెలివిగలవాణ్ణో మీకే తర్వాత తెలుస్తుంది.

అంతా సవ్యంగా సాగుతుంటే, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ నోరు పెట్టాడు. పదిమంది కూర్చున్న చోట, "సోమయ్యా, నీ కోడలికి నొప్పులొస్తయి గాని నీ ఇంటికి కాన్పు అయ్యేటట్టు లేదు," అని నవ్వాడు. అంతటితో ఆగక, తుక్కుగూడ నుంచి వేరే మేస్త్రీని పిలిపించి మా అరుగు మీద కూర్చోబెట్టాడు. పైగా ఒక షరతు పెట్టాడు: ఎల్లుండి పొద్దుటికి జానెడు మిగిలి ఉన్నా సరే, కుర్మయ్యనూ కూలామెనూ పంపించేసి, పని ఈ మేస్త్రీకి ఇవ్వాలి. నలుగురిలో అడిగేసరికి బాపు కాదనలేక "సరే" అన్నాడు.

వదినకు అప్పటికి తొమ్మిది నిండాయి. నేడో రేపో అన్నట్టుంది. పని మిగిలితే ముత్తమ్మ వెళ్లిపోవాలి. పని పూర్తయినా ముత్తమ్మ వెళ్లిపోవాలి. విషయం తెలిసిన వదిన మళ్లీ ముద్ద ముట్టలేదు.

కుర్మయ్య ఆ రెండు రోజులూ తాపీ కింద పెట్టలేదు. జీవితంలో మొదటిసారి పనిచేస్తున్నట్టు పనిచేశాడు. పెరటి గోడ అయింది, గూళ్లు అయ్యాయి. ఆఖరున పురిటి అర్రలో తూర్పు గోడ పట్టుకున్నాడు. రాయితో రుద్ది రుద్ది, మూడో నాటి పొద్దున చెంప ఆనించి చూసి, నా వైపు తిరిగాడు.

"మల్లేశా, పూర్తయింది."

ఆ మాట ఆయన నోట విని నాకు నిజంగానే భయమేసింది.

పట్వారీ వచ్చాడు. ఇల్లంతా గాలించాడు, మంచాల కింద వంగి చూశాడు, తలుపుల వెనక చూశాడు. జానెడు కాదు, గోరంత కూడా మిగల్లేదు. పట్వారీ ముఖం చిన్నబోయింది. తుక్కుగూడ మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. ముత్తమ్మ ఖాళీ గంప చేతిలో పట్టుకుని పెరట్లో నిలబడింది. కొంగు అడ్డం ఉన్నా ఏడుస్తున్నదని తెలుస్తూనే ఉంది.

కుర్మయ్య పురిటి అర్రలోకి వెళ్లాడు. తూర్పు గోడ ముందు నిలబడ్డాడు. ఆ గోడ ఎంత అందంగా ఉందో నేను చెప్పలేను. ఆయన జన్మలో ఒక ఇల్లు పూర్తి చేసింది ఆ గోడతోనే. దాన్ని ఒకసారి అరచేత్తో నిమిరి, సంచిలోంచి సుత్తె తీసి, నడిమధ్యన ధన్‌మని కొట్టాడు. రెండో దెబ్బకు గంపెడు పెళ్ల ఊడి కిందపడింది. మూడో దెబ్బకు ఇటుక బయటపడింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో బాపు ఉన్నాడు.

బాపు గోడను చూశాడు. కుర్మయ్య చేతిలో సుత్తెను చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమైంది గోడకు?"

"చెదలు పటేలా," అన్నాడు కుర్మయ్య, సుత్తె వెనక్కి దాచుకుంటూ.

"సున్నపు గోడకు చెదలా?"

"ఈ నడుమ గట్లనే పడుతున్నయి. యుద్ధం కాలం గద."

బాపు రాలిన పెళ్లను కాలితో పక్కకు నెట్టాడు. "మంచిది. పురిటి అర్రకు బొంద ఉండొద్దు. మల్ల పూయి. సున్నం నూరేటందుకు ఆ కూలామెను కూడ ఉండుమను. ఎన్ని దినాలు పడతది?"

"కాన్పు అయ్యేదాంక... అదే, గచ్చు ఆరేదాంక పటేలా."

"ఆరనియ్యి," అని బాపు వెళ్లిపోయాడు.

మూడు రోజుల తర్వాత, మిరుగు కార్తె వానలకు ముందు, పట్టపగలు వదినకు నొప్పులు వచ్చాయి. రుక్కమ్మను పిలిచాం. లోపల రుక్కమ్మ, అమ్మ, కూలామె. బయట అన్న అరుగు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. కుర్మయ్య రోట్లో సున్నం లేకుండానే రోకలి దంచుతున్నాడు. లోపలి నుంచి వదిన కేకలు వినిపించినప్పుడల్లా, వాటి మీదుగా "నేనున్న బిడ్డా, నేనున్న" అనే గొంతు వినిపించింది. కూలామె గొంతని ఎవరూ అనుకోలేరు. బాపు మంచం మీద కదలకుండా కూర్చుని అంతా విన్నాడు. పొద్దు వాలకముందే పసిబిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

రుక్కమ్మ బిడ్డను బయటికి తెచ్చింది. ఎవరి చేతికి ఇవ్వాలా అని చూస్తుంటే కుర్మయ్య చెయ్యి సున్నం లేకుండా తుడుచుకుని, ఒక్క వేలితో బిడ్డ చెంప తాకాడు. "నా గోడలు దండుగ," అన్నాడు.

అప్పుడు బాపు గట్టిగా కేకేశాడు.

"ఓ అమృతమ్మా! సక్కుబాయీ! ఏ పేరైతే గా పేరు. ఇటు రా."

ముత్తమ్మ మూరెడు కొంగు గుంజుకుని గుమ్మం దాటి వచ్చింది. బాపు మంచం కింద నుంచి పాన్‌దాన్ తీసి ముందుకు నెట్టాడు.

"మనుమరాలు పుట్టింది. నోరు తీపి చేసుకోవాలె. ఒక ఆకు కట్టియ్యి."

ముత్తమ్మ పాన్‌దాన్ మూత తీసింది. ఆకు తుడిచింది. వక్క పెట్టింది. సున్నపు డబ్బీ తెరిచి, మూడు నెలలు గంపలకొద్దీ సున్నం మోసిన ఆ మనిషి, చిటికెన వేలి కొనకు అంటీ అంటనట్టు తీసి ఆకుకు రాసింది. బాపు దవడన పెట్టుకున్నాడు. నమిలాడు. మళ్లీ నమిలాడు.

"సున్నం సాల్లే ఇయ్యపురాలా," అన్నాడు. "ఇంకొంచెం పెట్టు."

అమ్మ ముందుగా తేరుకుంది. "నీకెప్పటి సంది తెలుసు?"

"మొదటి దినమే తెలుసు. నన్ను చూడంగనే గంత కొంగు గుంజింది. నా ఇంట్ల కూలోళ్లు నన్ను గంత లెక్క ఎన్నడు జేసిండ్రు?"

"మరి ఒట్టు?"

"ఒట్టు తప్పిన్నా? ఇయ్యపురాలు గడప తొక్కొద్దన్న. కూలామె తొక్కితే నాకేంది?"

నడిమి అర్రను మూడుసార్లు గోటితో గీకింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు నాకు ఇంకా చాలా అర్థమయ్యాయి. నాలుగేళ్లు ఆ పడమటి గోడ మిగలకపోతే ముసలి శివయ్యకు రోజూ పొద్దున్నే తిట్టడానికి ఎవరుండేవారు? స్టేషన్ మాస్టరు గారి భార్యకు ఇక్కడ మాటకు తోడుండే మనిషి లేదు. మిగిలిన ఆ తలుపు రెక్కను చూసి వస్తానని ప్రతి వారం కౌసల్యమ్మ వెళ్లేది, వెళ్లి సాయంత్రం దాకా కూర్చుని వచ్చేది. ఇదే మాట కుర్మయ్యను అడిగాను. ఆయన నెత్తి గోక్కున్నాడు. "గంత లేదు మల్లేశా. పొలీసు అమీన్ ఇంట్ల మిగిలింది ఉత్తగనే మర్చిపోయిన," అన్నాడు.

బాపు ఉమ్మి వచ్చి అడిగాడు. "ఇగ ఆ గోడ సంగతేంది?"

"అంత అయింది పటేలా, జర మిగిలింది."

"ఎంత మిగిలింది?"

"ఇరవై ఒక్క దినం."

"గోడను జానలల్ల కొలుస్తరు గాని దినాలల్ల కొలుస్తరా?" అని బాపు కసిరాడు. కసిరి, "పురుడు వెళ్లేదాంక తొందర పడకు. మంచిగ చెయ్యి," అన్నాడు.

ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలో వేశారు. కౌసల్యమ్మ కూడా వచ్చింది, కూర్చోకముందే రెండు ముడుల కథ మొదలుపెట్టింది. ముత్తమ్మ లేచి, పసుపుతాడు తెచ్చి కుర్మయ్య చేతిలో పెట్టింది. "నా బిడ్డ కోసం గింత జేసినవు. నీ పెండ్లానికి ఆ మూడో ముడి ఏసెయ్యన్నా," అంది. అందరం చుట్టూ మూగాం. కుర్మయ్య తాడు పట్టుకుని, భార్య వంక చూసి, తాడు మళ్లీ ముత్తమ్మకే ఇచ్చేశాడు.

"ఇప్పుడే ఏసేస్తే ఇగ మాపటికి ఇంటికి ఎందుకు పోవాలె? జర మిగిలితేనే గద మనిషి మల్ల వచ్చేది," అన్నాడు.

కౌసల్యమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. ఆ రోజు ఆమె తిట్టు కూడా జర మిగిలిపోయింది.